బెట్టలో మొక్కను కాపాడే ప్రోటీన్లు నీటిని పట్టి ఉంచుతాయా? ఆ జన్యువు పెడితే పంట ఎండకుండా ఉంటుందా?

మీ ప్రశ్నలో నాకు అర్థమైనది ఇది. నీళ్లు అందనప్పుడు మొక్కలు కొన్ని రక్షక ప్రోటీన్లు తయారు చేసుకుంటాయని చదివారు. అవి నీటిని పట్టి ఉంచి మొక్కను కాపాడతాయా, వేరే పనేదైనా చేస్తాయా? వాటి జన్యువులు తెలిసి ఇన్నేళ్లయినా పంటల్లో పెట్టి బెట్ట సమస్యను ఎందుకు తీర్చలేకపోయారు? పోనీ, ఆ ప్రోటీన్‌నే తయారు చేసి ఆకుల మీద చల్లితే సరిపోదా? ఎమ్మెస్సీ ప్రాజెక్టుకు ఇదే అంశం తీసుకోవాలని ఉందని కూడా రాశారు.

నేను చాలా ఏళ్లుగా మొక్కల శరీరధర్మ శాస్త్రంలో, అందులోనూ నీటి ఎద్దడి మీదే పని చేస్తున్నాను. ముందు సూటిగా జవాబు చెప్పి, తర్వాత కారణాల్లోకి వెళ్తాను.

ఈ ప్రోటీన్లు నీటిని మిగల్చవు. నీళ్లు పోయాక కణం పాడైపోకుండా చూస్తాయి. మళ్లీ నీళ్లు అందినప్పుడు మొక్క తేరుకుంటుందా లేదా అన్నది వీటి మీద బాగా ఆధారపడుతుంది. నీళ్లు లేని రోజుల్లో మొక్క ఎంత పెరుగుతుంది, ఎంత గింజ కడుతుంది అన్నది మాత్రం చాలావరకు వీటి చేతిలో లేదు. బతకడం వేరు, దిగుబడి ఇవ్వడం వేరు. మీ రెండో ప్రశ్నకు జవాబు ఈ తేడాలోనే ఉంది.

నీళ్లు పోతే కణంలో ఏం చెడుతుందో ముందు తెలియాలి. ప్రోటీన్ అంటే అమైనో ఆమ్లాల పొడవాటి గొలుసు. అది సరైన ఆకారంలో మడత పడితేనే పని చేస్తుంది. ఆ మడత నిలబడడానికి చుట్టూ ఉన్న నీరే ముఖ్య కారణం. నీటికి దూరంగా ఉండే అమైనో ఆమ్లాలు లోపలికి సర్దుకుంటాయి, నీటితో కలిసేవి పైకి వస్తాయి. కణంలో నీరు తగ్గేకొద్దీ ఈ ఏర్పాటు సడలుతుంది. లోపల దాగి ఉన్న భాగాలు బయటపడి, పక్కనున్న ప్రోటీన్ల అలాంటి భాగాలకే అతుక్కుంటాయి. పైగా నీరు పోతే కణం కుంచించుకుపోతుంది కాబట్టి అన్నీ ఒకదానికొకటి మరింత దగ్గరవుతాయి. చివరికి ముద్దకట్టేస్తాయి. ఉడికిన గుడ్డులోని తెల్లసొన చల్లారినా మళ్లీ పలచబడదు కదా, ఆ ముద్ద కూడా అంతే. తర్వాత ఎన్ని నీళ్లు పోసినా దానంతట అది విడిపోదు.

రెండో దెబ్బ కణపొరలకు తగులుతుంది. ఈ పొరలు రెండు వరసల కొవ్వు అణువులతో ఏర్పడతాయి. ఆ అణువుల తలల మధ్య నీరు ఉన్నంతవరకు పొర మెత్తగా, కదిలేట్టుగా ఉంటుంది. నీరు పోగానే అణువులు బిగుసుకుపోతాయి, పొర గట్టిపడుతుంది. పక్కపక్కనే ఉన్న రెండు పొరలు కలిసిపోయే ప్రమాదం కూడా ఉంది. విచిత్రం ఏమిటంటే అసలు నష్టం చాలాసార్లు నీళ్లు తిరిగి ఇచ్చినప్పుడే బయటపడుతుంది. గట్టిపడ్డ పొర మళ్లీ తడిసి వదులయ్యే క్షణంలో కారిపోతుంది, కణంలోని లవణాలు బయటికి వచ్చేస్తాయి. అందుకే మా ల్యాబ్‌లో మొక్క ఎంత దెబ్బతిన్నదో చూడాలంటే ఆకు ముక్కల్ని శుద్ధమైన నీళ్లలో వేసి, ఆ నీటి విద్యుత్ వాహకత ఎంత పెరిగిందో కొలుస్తాం.

మూడోది వెలుతురుతో వచ్చే నష్టం. నీళ్లు తగ్గితే మొక్క పత్రరంధ్రాలు మూసేస్తుంది. దాంతో కార్బన్ డయాక్సైడ్ లోపలికి రాదు. ఎండ మాత్రం హరితరేణువుల మీద పడుతూనే ఉంటుంది. వాడుకోలేని ఆ శక్తి ఆక్సిజన్ మీదికి మళ్లి, దొరికినదాన్నల్లా దెబ్బతీసే చురుకైన ఆక్సిజన్ రూపాలు పుడతాయి.

ఇప్పుడు మీరు అడిగిన ప్రోటీన్ల దగ్గరికి వద్దాం. వీటిలో ప్రధానమైన కుటుంబం ఎల్ఈఏ ప్రోటీన్లు (లేట్ ఎంబ్రియోజెనెసిస్ అబండెంట్, అంటే గింజ ఏర్పడే చివరి దశలో దండిగా ఉండేవి). 1981లో లియాన్ డ్యూర్ బృందం పత్తి గింజల్లో వీటిని గుర్తించింది. గింజ ముదిరి ఎండడానికి సిద్ధమయ్యే చివరి దశలో ఇవి పెద్ద మొత్తంలో పేరుకుంటాయి. తర్వాత చూస్తే ఇవే, లేదా వీటికి దగ్గరి బంధువులు, నీటి ఎద్దడిలో ఉన్న ఆకుల్లోనూ వేర్లలోనూ, చలిలో ఉన్న మొక్కల్లోనూ, ఉప్పు నేలల్లో పెరిగే మొక్కల్లోనూ కనిపించాయి. కారణం సులువే. మంచు కణాల బయట గడ్డకడితే లోపలి నీటిని అది లాగేస్తుంది. ఉప్పు కూడా నీరు అందకుండా చేస్తుంది. మూడూ చివరికి కణానికి నీటి కరువే. అరబిడాప్సిస్ అనే చిన్న మొక్కలోనే 51 ఎల్ఈఏ జన్యువులు ఉన్నాయి. 2002లో ఎండిపోవడాన్ని తట్టుకునే ఒక నులిపురుగులో కూడా ఇలాంటి ప్రోటీన్ దొరికింది. అంటే ఈ ఉపాయం మొక్కలకే పరిమితం కాదు.

వీటిలో నన్ను ఇప్పటికీ ఆశ్చర్యపరిచే గుణం ఒకటి ఉంది. మామూలు ప్రోటీన్‌కు నీళ్లుంటే ఆకారం ఉంటుంది, నీళ్లు పోతే ఆకారం చెడుతుంది. ఎల్ఈఏ ప్రోటీన్ల తీరు దీనికి తలకిందులు. నీళ్లు ఉన్నంతసేపు వీటికి స్థిరమైన ఆకారమే ఉండదు. నీళ్లు పోయేకొద్దీ వీటిలో చాలావాటికి ఆకారం వస్తుంది. నీటిలో కదులుతూ వదులుగా ఉన్న గొలుసు, ఎండేటప్పుడు మెలికల చుట్టలాగా సర్దుకుంటుంది. నీటితో బాగా కలిసే, విద్యుదావేశం ఉన్న అమైనో ఆమ్లాలు వీటిలో ఎక్కువ. నీటికి దూరంగా ఉండేవి తక్కువ. విప్పుకోవడానికి మడతే లేనప్పుడు, మడత చెడి ముద్దకట్టే ప్రశ్న కూడా రాదు.

దీన్ని మీరే కళ్లారా చూడొచ్చు. కొన్నాళ్లు నీళ్లు తగ్గించిన మొక్క ఆకును గాని, ఎండిన గింజను గాని నూరి రసం తీసి, ఆ రసాన్ని మరిగించి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పండి. మిగతా ప్రోటీన్లన్నీ దాదాపుగా తెల్లటి ముద్దగా అడుగుకు చేరతాయి. పైన తేటగా మిగిలిన నీటిలో ఎల్ఈఏ ప్రోటీన్లు కరిగే ఉంటాయి. వాటిని వేరు చేయడానికి ల్యాబ్‌లలో వాడే మొదటి మెట్టు ఇదే. ఇక్కడ ఒక సంగతి ముందే చెప్తున్నాను, లేకపోతే మీరు కంగారు పడతారు. వీటిని జెల్ మీద (ప్రోటీన్లను బరువును బట్టి వేరు చేసే పద్ధతి) నడిపితే అసలు బరువుకన్నా ఎక్కువ బరువున్నట్టుగా పైన ఆగిపోతాయి. నా దగ్గరికి వచ్చే విద్యార్థులు చాలామంది తప్పు ప్రోటీన్ వచ్చిందేమోనని టెన్షన్ పడుతుంటారు. ఆవేశం ఎక్కువ ఉన్న ఈ గొలుసులకు డిటర్జెంట్ తక్కువగా అంటుకోవడం దీనికి ఒక ముఖ్య కారణం. అసలు బరువు కావాలంటే మాస్ స్పెక్ట్రోమెట్రీ చేయించండి.

ఇక అవి కాపాడే తీరు. దీనికి బలమైన ఆధారాల్లో ఒకటి 2005లో వచ్చిన ప్రయోగం. సిట్రేట్ సింథేజ్, లాక్టేట్ డీహైడ్రోజినేజ్ అనే ఎంజైములు ఎండబెడితే ముద్దకట్టేస్తాయి. వాటితోపాటు గోధుమ గింజలోని ఎల్ఈఏ ప్రోటీన్ గాని, ఇందాక చెప్పిన నులిపురుగు ప్రోటీన్ గాని కలిపి ఎండబెట్టినప్పుడు ఆ ముద్దకట్టడం తగ్గింది. మంచు గడ్డకట్టించినప్పుడూ అదే ఫలితం. అదే ఎంజైమును వేడి చేసినప్పుడు మాత్రం ఎల్ఈఏ ఒక్కటే కాపాడలేకపోయింది. అంటే ఇవి అన్ని కష్టాలకూ పనికొచ్చే మందు కాదు, నీరు పోయే కష్టానికి ప్రత్యేకంగా పనికొచ్చేవి. ఎలా కాపాడతాయంటే, ఎండుతున్న ఎంజైముల మధ్య ఇవి అడ్డుగా ఉండి, అవి ఒకదానికొకటి తగలకుండా చూస్తాయని మాలో ఎక్కువమంది నమ్మే వివరణ. దీనికి ఏటీపీ, అంటే కణం శక్తి కోసం వాడే అణువు, ఖర్చు అక్కర్లేదు. ఈ చిన్న విషయం చాలా ముఖ్యం. ఎండిపోతున్న కణంలో శ్వాసక్రియ పడిపోతుంది, ఏటీపీ దొరకదు. శక్తి అడిగే కాపలాదారు అప్పుడు పనికిరాడు.

పొరల విషయంలో డిహైడ్రిన్లు అనే ఎల్ఈఏ తెగ గురించి చెప్పాలి. వీటన్నిటిలోనూ లైసిన్ ఎక్కువగా ఉండే సుమారు 15 అమైనో ఆమ్లాల ముక్క ఒకటి కనిపిస్తుంది. దాన్ని కె-సెగ్మెంట్ అంటాం. ఆ ముక్క కణపొర మీద వాలినప్పుడు మెలిక ఆకారం తీసుకుంటుంది. ఒక వైపు పొరకు అంటుకుంటుంది, రెండో వైపు నీటి వైపు ఉంటుంది. బఠాణీ గింజల మైటోకాండ్రియాలో ఉండే మరో ఎల్ఈఏ ప్రోటీన్ ఇంకా చక్కటి ఉదాహరణ. కణంలో నీళ్లున్నప్పుడు అది పొరను పట్టించుకోకుండా తిరుగుతుంది. ఎండేటప్పుడు మాత్రం మెలికపడి లోపలి పొరలోకి పక్కగా చొచ్చుకుని దాన్ని నిలబెడుతుంది. కొన్ని డిహైడ్రిన్లు రాగి, ఇనుము వంటి లోహ అయాన్లను పట్టుకుంటాయి. స్వేచ్ఛగా తిరిగే ఇనుము, రాగి వల్లే హానికరమైన ఆక్సిజన్ రూపాలు మరింత పుడతాయి కాబట్టి ఇది కూడా రక్షణే.

ప్రోటీన్లు ఒంటరిగా పని చేయవని కూడా గుర్తుంచుకోండి. బాగా ఎండిన గింజలో సుక్రోజ్, రాఫినోజ్ వంటి చక్కెరలు కలిసి కణద్రవాన్ని గాజులాంటి ఘనస్థితికి తెస్తాయి. ఆ స్థితిలో అణువుల కదలిక దాదాపు ఆగిపోతుంది, చెడిపోయే రసాయన చర్యలు కూడా మందగిస్తాయి. ఎల్ఈఏ ప్రోటీన్లు ఆ గాజును ఇంకా గట్టిపరుస్తాయి. పూర్తిగా ఎండిపోయినా తట్టుకునే క్రేటరోస్టిగ్మా అనే మొక్క మీద డొరోథియా బార్టెల్స్ బృందం చాలాకాలం పని చేసింది. ఆ మొక్క ఆకుల్లో మామూలుగా ఆక్టులోజ్ అనే అరుదైన చక్కెర నిల్వ ఉంటుంది. ఎండేటప్పుడు అది తగ్గిపోయి సుక్రోజ్ పెరుగుతుంది. దాంతోపాటే ఎల్ఈఏ ప్రోటీన్లు పోగవుతాయి. ఆకులు ముడుచుకుని పూర్తిగా ఎండిపోయినట్టు కనిపించే ఆ మొక్క, నీళ్లు పోశాక దాదాపు ఒక రోజులో మళ్లీ పచ్చగా విచ్చుకుంటుంది.

వేడి వంటి ఒత్తిడిలో తయారయ్యే హీట్ షాక్ ప్రోటీన్ల గురించి క్లుప్తంగా. వీటిలో చిన్నవి, చెడుతున్న ప్రోటీన్లను ముద్దకట్టకుండా పట్టి ఉంచుతాయి, వాటికీ ఏటీపీ అక్కర్లేదు. హెచ్ఎస్‌పి70, హెచ్ఎస్‌పి101 వంటి పెద్దవి ఏటీపీ ఖర్చు పెట్టి, మడత చెడినవాటిని సరిచేస్తాయి, ముద్దల్ని విడదీస్తాయి. కాబట్టి ఎండుతున్నప్పుడు పని ఎల్ఈఏలది, చిన్న హీట్ షాక్ ప్రోటీన్లది. నీళ్లు వచ్చి శ్వాసక్రియ మొదలయ్యాక బాగుచేసే పని పెద్దవాటిది. పొలంలో బెట్ట, వేడి కలిసే వస్తాయి కాబట్టి రెండు రకాలూ కావాలి. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్, కాటలేజ్, ఆస్కార్బేట్ పెరాక్సిడేజ్ వంటి ఎంజైములు ఆక్సిజన్ వల్ల వచ్చే నష్టం సంగతి చూసుకుంటాయి. ప్రోలిన్ కూడా రక్షకమే గాని అది ప్రోటీన్ కాదు, ఒక్క అమైనో ఆమ్లం. ప్రాజెక్టు రిపోర్టుల్లో దీన్ని ప్రోటీన్ల జాబితాలో రాయడం చాలాసార్లు చూశాను, మీరు రాయకండి.

వేగం గురించి పుస్తకాల్లో తక్కువ చెప్తారు, నిజానికి అది చాలా ముఖ్యం. మట్టి ఎండడం మొదలవగానే మొక్కలో అబ్సిసిక్ ఆమ్లం అనే హార్మోన్ పెరుగుతుంది. 2009లో బయటపడిన పీవైఆర్, పీవైఎల్ గ్రాహకాలు దాన్ని పట్టుకుని, అప్పటిదాకా అడ్డుగా ఉన్న ఫాస్ఫటేజులు అనే ఎంజైముల్ని ఆపేస్తాయి. అప్పుడు ఎస్ఎన్ఆర్‌కే2 అనే కైనేజులు (ఇతర ప్రోటీన్లను మేల్కొలిపే ఎంజైములు) చురుకవుతాయి. అవి ఒకవైపు పత్రరంధ్రాలు మూయిస్తాయి, అది నిమిషాల్లో మొదలయ్యే పని. ఇంకోవైపు ఎల్ఈఏ వంటి జన్యువుల్ని మేల్కొలుపుతాయి. జన్యువు మేల్కొని, ప్రోటీన్ తయారై, సరిపడా పోగవడానికి గంటలు, కొన్నిసార్లు రోజులు కావాలి. ఆ సమయం దొరికితే మొక్క సిద్ధమవుతుంది. దొరక్కపోతే ఎంత మంచి జన్యువులున్నా లాభం లేదు. క్రేటరోస్టిగ్మా లాంటి మొక్కల్ని కూడా మరీ వేగంగా ఎండబెడితే చాలావరకు కోలుకోవు.

నా సొంత పనిలో ఇది పదే పదే కనిపించింది. ఒకే రకం, ఒకే వయసు మొక్కల్ని కొన్నిటిని చిన్న కుండీల్లో, కొన్నిటిని పెద్ద కుండీల్లో పెట్టి నీళ్లు ఆపేస్తే, చిన్న కుండీల్లోవి తక్కువ రోజుల్లోనే ఎండి, నీళ్లు పోసినా లేవవు. పెద్ద కుండీల్లోవి నెమ్మదిగా ఎండి, ఆకులో మిగిలిన నీరు అంతే స్థాయికి పడిపోయినా, నీళ్లు పోశాక లేస్తాయి. రెండో గుంపు ఆకుల్లో డిహైడ్రిన్ల బ్యాండ్లు దట్టంగా ఉంటాయి, మొదటి గుంపులో పలచగా ఉంటాయి. నారును నాటే ముందు కొన్ని రోజులు నీళ్లు కొంచెం కొంచెంగా తగ్గించి గట్టిపరచడంలో ఉన్న లాభం కూడా కొంత ఇదే. ఒక్కసారిగా నీళ్లు కట్ చేయడం గట్టిపరచడం కాదు.

విత్తనాల్లో ఇది ఇంకా స్పష్టంగా తెలుస్తుంది, నాకు బాగా ఇష్టమైన ఉదాహరణ కూడా. గాలిలో తేమ 50 శాతం ఉన్నచోట ఎండిన గింజను ఉంచితే, అది సుమారు మైనస్ 95 మెగాపాస్కల్ నీటి శక్మానికి (నీరు ఎంత సులువుగా అందుతుందో చెప్పే కొలత, మైనస్ ఎంత పెద్దదైతే అంత పొడి) సర్దుకుంటుంది. చాలా పంటలు మట్టిలో మైనస్ 1.5 మెగాపాస్కల్ దాటితే వాడిపోయి కోలుకోవు. అరవై రెట్లకు పైగా తేడా. అదే జన్యువులున్న జీవి, గింజగా ఉన్నప్పుడు అంతగా ఎండిపోవడాన్ని తట్టుకుంటుంది, ఆకులు వేశాక తట్టుకోలేదు. నానబెట్టిన గింజను మొలకవేరు బయటికి రాకముందే తీసి మళ్లీ ఆరబెడితే బాగానే ఉంటుంది. గింజలు నానబెట్టి ఆరబెట్టి విత్తే పద్ధతి దీని మీదే ఆధారపడింది. మొలకవేరు బయటపడి కొన్ని మిల్లీమీటర్లు పెరిగాక ఆరబెడితే ఆ వేరు చచ్చిపోతుంది. ఈలోపు గింజలోని ఎల్ఈఏ ప్రోటీన్లు చాలావరకు తరిగిపోయి ఉంటాయి. అబ్సిసిక్ ఆమ్లం మాట వినని అరబిడాప్సిస్ ఉత్పరివర్తనాల్లో, ముఖ్యంగా ఏబీఐ3 అనే జన్యువు బాగా దెబ్బతిన్నవాటిలో, గింజలు పచ్చగానే ఉండిపోతాయి, ఎల్ఈఏ ప్రోటీన్లు సరిగా పోగవవు, ఎండబెడితే చచ్చిపోతాయి.

ఇక్కడ ఆలోచించాల్సింది ఒకటుంది. దాదాపు ప్రతి పంట మొక్కకూ పూర్తిగా ఎండిపోవడాన్ని తట్టుకునే జన్యువులు గింజలో ముందే ఉన్నాయి. ఆకులో వాటిని ఆ స్థాయిలో ఎందుకు వాడుకోదు? వాడుకోవాలంటే పెరుగుదల ఆపాలి, జీవక్రియను నిద్రపుచ్చాలి, చక్కెరల్ని నిల్వకు మళ్లించాలి. పెరుగుతూ, తిండి తయారు చేసుకుంటూ ఉండాల్సిన ఆకుకు ఆ బేరం గిట్టుబాటు కాదు.

ఇప్పుడు మీ రెండో ప్రశ్న. ప్రయత్నాలు జరగలేదని కాదు. 1996లో బార్లీలోని హెచ్‌వీఏ1 అనే ఎల్ఈఏ జన్యువును వరిలో పెట్టారు. నీటి ఎద్దడిలోనూ ఉప్పు నీటిలోనూ ఆ మొక్కలు మామూలువాటికన్నా మెరుగ్గా పెరిగాయి, త్వరగా కోలుకున్నాయి. ఆ తర్వాత గోధుమలో కూడా అదే జన్యువును పరీక్షించారు. ల్యాబ్‌లో, గ్రీన్‌హౌస్‌లో ఇలాంటి ఫలితాలు చాలా ఉన్నాయి. అయితే ఒక్క ఎల్ఈఏ జన్యువుతో కుండీలో వచ్చిన లాభం పొలంలో దిగుబడిగా మారడం చాలా కష్టంగా ఉంది.

దీనికి నేను చూసినంతలో మూడు కారణాలు, బరువు అన్నిటికీ ఒకటే కాదు. అతి పెద్దది మొదటే చెప్పాను. పొలంలో పంట చచ్చేంత బెట్ట వచ్చేలోపే దిగుబడి పోయి ఉంటుంది. పూత దశలో కొద్ది రోజుల నీటి ఎద్దడి చాలు, వరిలో పుప్పొడి చెడి గింజ కట్టదు, మొక్కజొన్నలో పీచు ఆలస్యంగా వచ్చి పుప్పొడి అందదు. ఆకు కణాల్లో ఎన్ని డిహైడ్రిన్లున్నా ఆ నష్టం తీరదు. పంటకు అప్పుడు కావాల్సింది నీళ్లు, నీళ్లు తెచ్చేది వేరు. 2013లో వరిలో డీఆర్ఓ1 అనే జన్యువును గుర్తించారు. అది వేర్లు కిందికి, లోతుకు పోయేలా చేస్తుంది. పైపైనే వేర్లు పోయే రకంలోకి దాన్ని సంకరం ద్వారా తెస్తే బెట్టలో దిగుబడి నిలబడింది. అది రక్షక ప్రోటీన్ కాదు, అయినా ఒక మోస్తరు బెట్టకు నన్నడిగితే ముందు వేర్ల వైపే చూడమంటాను.

రెండో కారణం, ఒక్క ప్రోటీన్ సరిపోకపోవడం. ప్రోటీన్ల కాపలా, పొరల కాపలా, ఆక్సిజన్ రూపాల అదుపు, చక్కెరలు అన్నీ కలిసి కదలాలి. అందుకే కొందరు ఒక్కో ప్రోటీన్‌ను వదిలి, చాలా జన్యువుల్ని ఒకేసారి నడిపే స్విచ్ మీద పని చేశారు. డ్రెబ్1ఏ అలాంటిదే. దాన్ని ఎప్పుడూ పని చేసేలా పెడితే మొక్క బెట్టను తట్టుకుంది గాని గిడసబారిపోయింది. 1999లో జపాన్ పరిశోధకులు దాన్నే, ఎద్దడి వచ్చినప్పుడు మాత్రమే మేల్కొనే ఆర్‌డీ29ఏ ప్రమోటర్ (జన్యువు ఎప్పుడు పని చేయాలో నిర్ణయించే డీఎన్ఏ భాగం) కింద పెట్టి ఆ ఇబ్బందిని బాగా తగ్గించారు. మూడోది, కుండీలో మనం పెట్టే బెట్టకూ పొలంలోని బెట్టకూ పోలిక తక్కువ. దాని గురించి కింద చెప్తాను.

పొలం దాకా వచ్చినవి అసలు లేవని కాదు. మొక్కజొన్నలో బాసిల్లస్ సబ్టిలిస్ బాక్టీరియా నుంచి తెచ్చిన సీఎస్‌పీబీ అనే ప్రోటీన్ ఉన్న రకానికి 2011 డిసెంబరులో అమెరికా వ్యవసాయ శాఖ అనుమతి ఇచ్చింది. మీరు అడిగిన రక్షక ప్రోటీన్ల కోవలోకే వస్తుంది, కాకపోతే ఇది కాపాడేది ఆర్‌ఎన్‌ఏను, అంటే జన్యువు సందేశాన్ని మోసే అణువును. ఒత్తిడిలో ఆర్‌ఎన్‌ఏ చిక్కుపడకుండా చూసి, ప్రోటీన్ల తయారీ సాగేలా చేస్తుంది. లాభం ఉంది గాని మోస్తరుదే, తీవ్రమైన బెట్టలో అద్భుతాలు చేయదు. పొద్దుతిరుగుడులోని హెచ్‌బీ4 జన్యువున్న గోధుమకు 2020లో అర్జెంటీనా అనుమతి ఇచ్చింది. అది స్విచ్ లాంటి జన్యువే, స్వయంగా కాపలా కాసే ప్రోటీన్ కాదు.

మీ ప్రాజెక్టు గురించి. ఈ రంగంలో తప్పుదారి పట్టించే విషయాలు రెండున్నాయి.

మొక్క సైజు చూడండి. జన్యుమార్పిడి మొక్క మామూలు మొక్కకన్నా కొంచెం చిన్నగా ఉంటే, దాని ఆకులు తక్కువ నీటిని ఆవిరి చేస్తాయి. వేర్వేరు కుండీల్లో పెట్టి ఒకే రోజు నీళ్లు ఆపితే, చిన్న మొక్క కుండీలో మట్టి ఇంకా తడిగానే ఉంటుంది. పెద్దది వాడిపోతుంది, చిన్నది పచ్చగా ఉంటుంది. ఫొటో బ్రహ్మాండంగా వస్తుంది గాని, ఆ మొక్క బెట్టను తట్టుకున్నట్టు కాదు, దానికి బెట్టే రాలేదు. రెండు రకాల్నీ ఒకే కుండీలో పక్కపక్కనే పెంచండి, అప్పుడు ఇద్దరిదీ ఒకటే మట్టి. అది కుదరకపోతే కుండీలు రోజూ తూచి, మట్టి తేమ రెండిటిలోనూ సమానంగా ఉండేలా నీళ్లు సర్దండి. శాంపిల్ తీసేటప్పుడు రోజుల లెక్కన కాకుండా ఆకులోని సాపేక్ష నీటి శాతం లెక్కన పోల్చండి.

ఎక్కువ ప్రోటీన్ ఉంటే ఎక్కువ తట్టుకుంటుందని అనుకోకండి. డిహైడ్రిన్ పెరగడం ఒక్కోసారి ఆ మొక్క ఎక్కువ బాధలో ఉందనడానికి గుర్తు. లోతైన వేర్లున్న రకం ఆకుల్లో నీరు బాగానే ఉంటుంది కాబట్టి దానికి డిహైడ్రిన్ తయారు చేయాల్సిన అవసరమే రాదు. బెట్టకు తట్టుకోలేని రకం అదే రోజు వాడిపోతూ డిహైడ్రిన్ దండిగా తయారు చేస్తుంటుంది. ఈ రెండిటినీ ఒకే రోజు పోల్చి, రెండోదే గట్టి రకమని రాసిన రిపోర్టులు నా దగ్గరికి వచ్చాయి. అలాగే ఆర్‌ఎన్‌ఏ పెరిగింది కాబట్టి ప్రోటీన్ కూడా పెరిగి ఉంటుందని అనుకోవద్దు. కుదిరితే యాంటీబాడీతో (ఆ ప్రోటీన్‌ను గుర్తుపట్టి అంటుకునే అణువు) ప్రోటీన్‌నే చూడండి. కె-సెగ్మెంట్‌ను పట్టుకునే యాంటీబాడీలు చాలా మొక్కల్లో పని చేస్తాయి, ఎందుకంటే ఆ ముక్క అన్ని డిహైడ్రిన్లలోనూ దాదాపు ఒకేలా ఉంటుంది.

ఇంకా ఒక సలహా, చాలామంది వదిలేసేది. ఎండబెట్టిన రోజే ప్రయోగం ఆపేయకండి. నీళ్లు పోసి, ఆ తర్వాత కొన్ని గంటలకూ, మర్నాడూ, కొన్ని రోజులకూ శాంపిల్స్ తీయండి. వాహకత, కొత్త ఆకు రావడం, కిరణజన్య సంయోగక్రియ తిరిగి మొదలవడం చూడండి. ఈ ప్రోటీన్ల వల్ల కలిగిన లాభం అక్కడే తెలుస్తుంది.

చివరగా స్ప్రే సంగతి. ఎల్ఈఏ ప్రోటీన్ పని చేయాల్సింది కణం లోపల, అదీ ఎంజైముల పక్కన, పొరల మీద. ఆకు పైన మైనపు పొర, దాని కింద కణగోడ, ఆ తర్వాత కణపొర ఉంటాయి. అంత పెద్ద అణువు వీటన్నిటినీ దాటి సరిపడా మోతాదులో లోపలికి చేరదు. ఆకు మీద మిగిలిన ప్రోటీన్ సూక్ష్మజీవులకు మేత అవుతుంది. అబ్సిసిక్ ఆమ్లం విషయం వేరు. అది చిన్న అణువు, చల్లితే లోపలికి పోతుంది, పత్రరంధ్రాలు మూసుకుంటాయి, మొక్క తన ఎల్ఈఏ ప్రోటీన్లు తానే తయారు చేసుకోవడం మొదలుపెడుతుంది. కాకపోతే ఆ సమయంలో ఎదుగుదల కూడా తగ్గుతుంది, వెలుతురులో అది త్వరగా విరిగిపోతుంది కూడా. మీ ప్రాజెక్టులో దీన్ని ఒక పోలిక గుంపుగా పెట్టుకోవచ్చు. నీళ్లు బాగా ఉన్న మొక్కకు అబ్సిసిక్ ఆమ్లం చల్లి డిహైడ్రిన్లు వస్తున్నాయేమో చూస్తే, మీ యాంటీబాడీ పని చేస్తోందో లేదో ముందే తెలిసిపోతుంది. ఏ పంట మీద చేయాలనుకుంటున్నారో, మీ దగ్గర ఏ పరికరాలున్నాయో రాస్తే కుండీల సైజు, శాంపిల్ తీసే వేళల గురించి ఇంకా వివరంగా చెప్తాను.